ఇంగ్లాండ్ బీరులో మా తాత కల్లు వాసన!

మొదటి గుక్క తాగి గ్లాసు కింద పెట్టేశా. చల్లగా లేదు. పెద్దగా నురుగూ లేదు. హైదరాబాద్‌లో గ్లాసు చెమటలు కక్కేంత చల్లటి బీరుకు అలవాటైన నోరు కదా... నిన్నెప్పుడో మూత తీసి వదిలేసినట్టు అనిపించింది. ‘పాడైందేమో చూడండి’ అని కౌంటర్ దగ్గర అడిగేశా. ఆయన నవ్వాడు. ‘ఇంకో రెండు గుక్కలు తాగి చెప్పు’ అన్నాడు.

నేను క్యాంటర్‌బరీలో ఎమ్మెస్ చేస్తున్నా. సెప్టెంబరు చివర్లో ఓ శనివారం రూమ్మేట్‌తో కలిసి పక్కనే ఉన్న ఫావర్‌షమ్‌కి వెళ్లా. కెంట్ ప్రాంతమంటేనే హాప్స్ తోటలు. ఈ నెలలో అక్కడి పబ్బుల్లో ‘గ్రీన్ హాప్ బిట్టర్’ దొరుకుతుంది. ఏడాదికి ఒక్కసారే... కొన్ని వారాలే!

ఒక్కరోజే గడువు

హాప్స్ అంటే తీగకు కాసే ఆకుపచ్చ పువ్వులు. బీరుకు చేదు, వాసన ఇచ్చేవి ఇవే. మామూలుగా కోయగానే ఆరబెట్టి ఏడాదంతా వాడతారు. అలా ఆరబెట్టడానికి కట్టిన పాతకాలపు ‘ఓస్ట్ హౌస్’లు కెంట్‌లో ఇప్పటికీ కనిపిస్తాయి. గ్రీన్ హాప్ బీరుకు మాత్రం పచ్చి పువ్వే పడాలి. అదీ కోసిన ఒక్కరోజులోపే. ఆలస్యమైతే కుప్పలో వేడెక్కి పాడైపోతుంది.

మరి చల్లగా ఎందుకు లేదు? ఇది పీపాలోనే చివరిగా పులిసే బీరు. అందులో ఈస్ట్ ఇంకా బతికే ఉంటుంది. బయటి నుంచి గ్యాస్ ఎక్కించరు. నేలమాళిగలో 11-13 డిగ్రీల దగ్గర ఉంచి, చేతిపంపుతో లాగి పోస్తారు. మరీ చల్లబరిస్తే వాసన చచ్చిపోతుంది. పీపా తెరిచాక మూడు రోజుల్లో అయిపోవాలి. ఇలాంటి బీరు కనుమరుగు కాకూడదని 1971లో ‘కామ్రా’ అనే సంఘమే పుట్టింది.

ఇదంతా విన్నాక మళ్లీ గ్లాసెత్తా. రాగి రంగు. ముందు బిస్కెట్ లాంటి చిన్న తీపి. తర్వాత అప్పుడే కోసిన గడ్డి వాసన, కాస్త నారింజ తొక్క. చివర్లో కాకరకాయ వేపుడు తిన్నాక మిగిలే చేదు. ఈసారి గ్లాసు కింద పెట్టలేదు.

గోడ మీద ఫొటో

అప్పుడే కనిపించిందా ఫొటో. ఎత్తయిన కర్రకాళ్ల మీద నిలబడి, హాప్స్ తీగలకు తాళ్లు కడుతున్న మనిషి. పక్క టేబుల్ పెద్దాయన ‘మా నానమ్మ లండన్ నుంచి ఏటా ఈ తోటలకు పువ్వు కోయడానికి వచ్చేది’ అని గర్వంగా చెప్పాడు.

నాకు గొంతులో ఏదో అడ్డుపడింది. మా తాత గీత కార్మికుడు. నల్గొండ వైపు మా ఊళ్లో నలభై ఏళ్లు మోకు కట్టుకుని తాటిచెట్లెక్కాడు. చెట్టు మీంచి పడి కాలు విరిగాక మానేశాడు. కాలేజీలో ఎవరడిగినా ‘మాది వ్యవసాయం’ అని దాటేసేవాణ్ని. ఆ రోజు మాత్రం ‘మా తాత కూడా ఇలాగే... చెట్టెక్కి కల్లు గీసేవాడు’ అన్నా. పెద్దాయన కుర్చీ దగ్గరకు జరుపుకొన్నాడు. ఎంత ఎత్తు, ఎలా ఎక్కుతారు, కుండ ఎలా కడతారు... అన్నీ అడిగాడు. చెప్తుంటే తెలిసింది, నాకు సగం విషయాలు తెలీవని.

బయటికొచ్చి తాతకు వీడియో కాల్ చేశా. గ్లాసు చూపించా.

‘సల్లగుందా బిడ్డా?’

‘లేదు తాతా.’

‘మంచిదే. సల్లగుంటే రుచి తెల్వది. తాజాదేనా?’

‘పువ్వు పొద్దున కోసి సాయంత్రంలోపు వేశారంట.’

తాత కాసేపు ఆలోచించాడు.

‘గట్లనా... అయితే ఆళ్లకూ పని తెల్సు.’