ఇసుకలో దాచిన ఎండ

బొరుగుల బట్టీ దగ్గర కాసేపు నిలబడితే ఇసుక గుణం తెలుస్తుంది. మూకుడు నిండా ఇసుక, కింద మంట. బియ్యం పడీ పడగానే మల్లెమొగ్గల్లా విచ్చుకుంటాయి. జల్లెడ పడితే బొరుగులు పైన, ఇసుక మళ్లీ మూకుట్లోకి. కట్టెలు వెనక్కి లాగేసినా ఒకటి రెండు వాయిలు ఆ ఇసుక వేడికే దిగుతాయి. మడకశిరలో పొద్దున్నే బొరుగుల ఉగ్గాని తినేవాళ్లందరూ ఈ ఇసుకకు బాకీ పడ్డవాళ్లే.

ఇదే గుణాన్ని పట్టుకుని ఫిన్లాండ్‌లో టొమ్మి ఎరొనెన్, మార్కు యులోనెన్ అనే ఇద్దరు ఇంజినీర్లు పోలార్ నైట్ ఎనర్జీ అనే కంపెనీ పెట్టారు. 2022లో కంకాన్‌పా అనే చిన్న ఊళ్లో వాళ్ల యంత్రం పని మొదలుపెట్టింది. యంత్రం అన్నానే గానీ, చూడ్డానికి అది ఏడు మీటర్ల ఎత్తున్న ఉక్కు గరిసె. అందులో వంద టన్నుల ఇసుక. గాలి బాగా వీచే రోజున చవగ్గా దొరికే కరెంటుతో, మన ఇళ్లలో వాటర్ హీటర్ కాయిలు కాగినట్టే, గాలిని కాగబెడతారు. ఆ గాలి గొట్టాల గుండా ఇసుక మధ్యలో తిరుగుతుంది. ఇసుక 500–600 డిగ్రీలకు చేరుతుంది. కావలసినప్పుడు అదే గొట్టాల్లో చల్లగాలి పంపితే వేడెక్కి బయటికొస్తుంది. ఆ వేడితో నీళ్లు కాచి ఇళ్లకూ, ఊరి ఈతకొలనుకూ పంపుతారు.

నీళ్లు ఉండగా ఇసుక ఎందుకు? కిలోకు డిగ్రీకి లెక్కేస్తే నీళ్లు దాచే వేడిలో అయిదో వంతే ఇసుక దాచగలదు. కానీ నీళ్లు వంద డిగ్రీలకు ఆవిరై పారిపోతాయి, ఇసుక ఆరువందలకూ కదలదు. పైగా ఇసుక వేడిని అంత సులువుగా బయటికి పోనివ్వదు. మా అవ్వ రాత్రి పొయ్యిలో నిప్పుల మీద బూడిద కప్పి, తెల్లారి అదే నిప్పుతో పొయ్యి రాజేసేది. నివురుగప్పిన నిప్పు అని మనం సామెతల్లో వాడే ఆ కిటుకే ఈ గరిసెకు ఆయువుపట్టు.

ఇక మన ఎండ సంగతి. మడకశిర పక్క తాలూకానే పావగడ. పేరుకు కర్ణాటకే గానీ, అక్కడి ఊళ్లలో తెలుగు కన్నడంతో సమంగా వినిపిస్తుంది. అక్కడి తిరుమణి చుట్టుపక్కల 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల సోలార్ పార్కు 2019 చివరికి పూర్తయింది. భూమిని కొనలేదు, రైతుల దగ్గర ఎకరాకు ఏటా 21,000 రూపాయల కౌలుతో మొదలుపెట్టి తీసుకున్నారు. వేరుశనగ ఎండిపోయే నేల మీద కరెంటు పండుతోంది. ఆ పంట మిట్టమధ్యాహ్నం విరగపండుతుంది, జనం లైట్లు వేసే వేళకు సున్నా.

దాచడానికి దారులు లేకపోలేదు. నంద్యాల జిల్లా పిన్నాపురంలో పగటి కరెంటుతో నీళ్లు పైకి తోడి, అక్కరొచ్చినప్పుడు కిందికి వదిలే 1,680 మెగావాట్ల ప్రాజెక్టు వచ్చింది. లిథియం బ్యాటరీ మన జేబులోనే ఉంది. వేడిని దాచే దారికి మాత్రం అనంతపురం జిల్లాలో ఒక తప్పిపోయిన అవకాశం ఉంది. పామిడి మండలం నాగలాపురంలో మేఘా సంస్థ 2014లో 50 మెగావాట్ల అద్దాల ప్లాంటు మొదలుపెట్టింది. దోనెల్లాంటి వంపు అద్దాలు ఎండను గొట్టం మీదికి కూడదీస్తే లోపలి నూనె కాగుతుంది, ఆ వేడితో ఆవిరి, ఆవిరితో టర్బైను. సరిగ్గా అంతే సామర్థ్యమున్న ప్లాంటు స్పెయిన్‌లో గ్రనడా దగ్గర ఆండసోల్-1 పేరుతో ఉంది. దానికి అదనంగా రెండు పెద్ద తొట్లు, వాటిలో 28,500 టన్నుల కరిగిన ఉప్పు. ఆ ఉప్పులో నూటికి నలభై పాళ్లు మన పెట్లుప్పే, మిగతాది సోడియం నైట్రేట్. పొద్దు గుంకాక ఏడున్నర గంటలపాటు అది టర్బైనును తిప్పుతుంది. పామిడి ప్లాంటుకు ఆ తొట్లు లేవు. గరిసె లేని కల్లం అన్నమాట. యూనిట్ ధర పదకొండు రూపాయలు దాటింది. 2017 ఏప్రిల్‌లో కడప సోలార్ పార్కు వేలంలో సోలార్ పలకల కరెంటు యూనిట్ 3.15 రూపాయలకు దిగిపోయాక, ఇక్కడ అద్దాల ఊసెత్తిన వాళ్లు తక్కువే.

నా మట్టుకు నాకు, మనం ప్రశ్నే తప్పుగా వేస్తున్నామనిపిస్తుంది. ఇసుకలో దాచిన వేడిని మళ్లీ కరెంటుగా మారిస్తే సగానికి పైగా పోతుంది, అందులో వాదన లేదు. మరి కరెంటుగా ఎందుకు మార్చాలి? హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్ నుంచి గూళ్లు తీసుకెళ్లి దారం తీసే రీలర్‌కు కావలసింది కాగే నీళ్లు. గూడును వేడినీళ్లలో ఉడికిస్తే గానీ జిగురు వదిలి దారం కొస అందదు. ధర్మవరంలో మగ్గం ఎక్కే ముందు పట్టు సోడా, సబ్బు నీళ్లలో ఉడకాలి, తర్వాత రంగు తొట్టిలో ఉడకాలి. ఈ ఉడుకంతా ఎక్కువగా కట్టెల మీదే. వంద లీటర్ల నీళ్లను 25 డిగ్రీల నుంచి 95కు తేవడానికి సుమారు ఎనిమిది యూనిట్లు చాలు. కంకాన్‌పా గరిసెలో పట్టేది ఎనిమిది వేల యూనిట్ల వేడి. దారిలో పోయేది పక్కన పెడితే, సుమారు లక్ష లీటర్లు కాచొచ్చు.

2025లో పోర్నాయినెన్ అనే ఊళ్లో ఇంతకు పన్నెండు రెట్లు పెద్దది లేచింది. అందులో ఇసుక కూడా కాదు, పొయ్యిల ఫ్యాక్టరీలో మిగిలిపోయిన రెండు వేల టన్నుల బలపపు రాయి నలుసు. ఆ ఊరి వేడికి మండించే చెక్కముక్కల్లో సగానికి పైగా దీనితో తప్పుతాయని లెక్క.

చిక్కల్లా కొలతలో ఉంది. గరిసె ఎంత చిన్నదైతే అంత త్వరగా చల్లారుతుంది. గరిసె ఎత్తూ వెడల్పూ సగం చేస్తే, ఉన్న వేడితో పోల్చి కారిపోయే వాటా రెండింతలవుతుంది. రెండు బేసిన్లున్న ఒక్క రీలర్ షెడ్డుకు ఇది కుదరదు. వీధి మొత్తానికి ఒకటి కట్టాలి. వేడినీళ్ల గొట్టం దూరం పెరిగేకొద్దీ వేడి కారిపోతుంది కనుక, షెడ్లన్నీ దాన్ని ఆనుకుని ఉండాలి. ఆ స్థలం ఎవరిది, కరెంటు మీటరు ఎవరి పేరు మీద, ఈ రెండూ తేలితే తక్కిన పని ఇసుకదే.