కంది కొమ్మపై కొమ్ముల పురుగు

భిలాయి ఉక్కు నగరం దాటి, దుర్గ్ మీదుగా శివనాథ్ నది వైపు సాగితే వరి మడుల గట్లపై నల్లతుమ్మ చెట్లు, వాటి నడుమ అక్కడక్కడా కంది మొక్కలు కానవస్తాయి. ఛత్తీస్‌గఢ్ మైదానంలో ఇది పాత సేద్యపు అలవాటు. తుమ్మ వలన వంటచెరకు, సేద్యపు పనిముట్లకు కలప లభిస్తాయి. గట్టుమీది కంది ఇంటికి పప్పునిస్తుంది. ఈ రెండింటినీ ఆశ్రయించి బ్రతికే ఒక చిన్న పురుగును గురించి మీరు తెలుసుకోవలసి ఉన్నది. దానిని చూచి భయపడి, పంట రుణపు సొమ్మును అనవసరంగా మందు సీసాలపై వెచ్చించేవారు ఉంటారు.

ఇంగ్లీషులో దీనిని ‘కౌ బగ్’ అంటారు. మనం కొమ్ముల పురుగు అందాము. పొడవు సుమారు 7 మిల్లీమీటర్లు, రంగు బూడిద కలిసిన గోధుమ. భుజాల వద్ద ఆవు కొమ్ముల వంటి రెండు మొనలు, వీపు మీదుగా వెనుకకు సాగిన మరొక మొన ఉంటాయి. నిజానికి ఇవి తలపై మొలచిన కొమ్ములు కావు. మెడ వెనుక పెంకు అలా పెరిగినదే. కదలక కూర్చుంటే తుమ్మ ముల్లుగానే తోస్తుంది. వేలు చూపితే కొమ్మ అవతలి వైపునకు జరుగుతుంది. తాకబోతే ఎగిరి దుముకుతుంది.

వీనిలో ఓటినోటస్ ఒనెరాటస్ కందిపై తరచుగా కనిపిస్తుంది. ఆక్సిరాకిస్ టారాండస్ అనేదానికి డెన్మార్కు శాస్త్రజ్ఞుడు ఫాబ్రిసియస్ 1798లో పేరు పెట్టాడు. ‘టారాండస్’ అంటే కొమ్ముల దుప్పి వంటి రెయిన్‌డీర్. ఇది మన మెట్ట ప్రాంతాలకే పరిమితం కాదు. పడమట అరేబియా మీదుగా ఆఫ్రికా వరకు, తుమ్మజాతి చెట్లు పెరిగే పొడి నేలల్లో కనిపిస్తుంది.

తల్లిపురుగు లేత కాండాన్ని చీల్చి గ్రుడ్లు పెడుతుంది. పిల్లలు గుంపుగా కాండపు రసం పీల్చి తేనెవంటి జిగటను విసర్జిస్తాయి. దానికోసం చీమలు చేరి వాటికి కావలి కాస్తాయి. కనుక కంది కొమ్మపై చీమల బారు కనబడితే ముందుగా కాండాన్ని పరిశీలించండి. పురుగు మిక్కిలిగా పట్టిన చోట కాండంపై బెండువంటి గరుకు బొడిపెలు లేచి మొక్క నీరసిస్తుంది. అయితే దిగుబడిని దెబ్బతీసేటంత ఉధృతి అరుదు. బాగా పట్టిన కొమ్మను కత్తిరించి నాశనం చేస్తే చాలును.

పంట రుణ పరిమితిలో సస్యరక్షణ ఖర్చు కూడా చేరి ఉంటుంది. ఆ మొత్తం కందికి అవసరమయ్యేది పూత, కాయ దశలలో. శనగపచ్చ పురుగు, మరుకా మచ్చల పురుగు, కాయ ఈగ అప్పుడే వస్తాయి. ముందే కొమ్ముల పురుగుపై చల్లితే డబ్బుతోపాటు సాలెపురుగుల వంటి మిత్రజీవులు కూడా పోతాయి.

మందు వ్యాపారులకు ఒక మాట. ‘చీమలు పట్టాయి, ఏదైనా ఇవ్వండి’ అని రైతు వచ్చినప్పుడు కొమ్మ తెచ్చి చూపమనండి. కరపత్రంలో ఆ పంట, ఆ పురుగు పేర్లు ముద్రించి ఉన్న మందునే ఇచ్చి, బిల్లు వ్రాయండి.

మోదుగ, రేగు, కుసుమ్ చెట్లపై లక్క పెంచేవారు పొరుగున ఉంటే మరింత జాగ్రత్త అవసరం. లక్క పురుగు సైతం రసం పీల్చేదే; గాలికి కొట్టుకువచ్చిన మందు తుంపర దానినీ చంపుతుంది, ఆ కుటుంబపు లక్క రాబడి ఆ కారుకు పోతుంది.