నల్లని నీడ

పాత వస్తువులపై మమకారం మానవునికి సహజం. తాతనాటి ఉంగరమో, తంబురయో, తాళపత్ర గ్రంథమో ఇంటిలో ఉంటే దానిని ఒకసారి చేతితో తాకి చూడకుండా ఉండలేము. కాని పెట్రోలు త్రాగి, పొగ విడిచి, చెవులు చిల్లులు పడేటట్లు అరిచే ఇనుప యంత్రంమీద కూడ అటువంటి మమకారం పుట్టుతుందా? పుట్టుతుంది. ఒకనాడు వేగానికి పేరొందిన మోటారు సైకిళ్ళను వెదకి కొని, తుడిచి, బాగుచేసి, కన్నబిడ్డలవలె చూచుకొనేవారు నేడు అనేక దేశాలలో ఉన్నారు. వారు ఆ యంత్రాలలో చూచుకొనేదేమిటి? వేగమా? వెలయా? మరొకటా? ఈ ప్రశ్నకు సమాధానం కావాలంటే, వాటిలో అగ్రగణ్యమైన విన్సెంట్ 'బ్లాక్ షాడో' చరిత్ర తెలుసుకోవాలి. నల్లని నీడ అని ఆ పేరుకు అర్థం.

1928లో ఫిలిప్ విన్సెంట్ అనే ఇరవై ఏండ్ల యువకుడు ఇంగ్లండులోని స్టీవెనేజ్ పట్టణంలో మోటారు సైకిళ్ళ కర్మాగారం ప్రారంభించాడు. కేంబ్రిడ్జిలో చదువుకొన్నవాడు. వెనుక చక్రానికి స్ప్రింగులు అమర్చే కొత్త పద్ధతి అతని ఊహలో రూపుదిద్దుకొన్నది. కాని ఆ కాలపు జనులకు వెనుక స్ప్రింగులంటే అపనమ్మకం. ముక్కు మొగం తెలియని కుర్రవాడు చెబితే ఎవరు వింటారు? అందుచేత అతడు అప్పటికే ప్రసిద్ధమైన హెచ్.ఆర్.డి. అనే పేరును తండ్రి ధనసహాయంతో కొన్నాడు. ఆ పేరుతో యంత్రాలు చేసిన హోవర్డ్ డేవిస్ 1925లో ఐల్ ఆఫ్ మాన్ సీనియర్ పందెంలో తాను నిర్మించిన బండిమీదనే గెలిచినవాడు.

కొంతకాలానికి ఫిల్ ఇర్వింగ్ అనే ఆస్ట్రేలియా ఇంజనీరు విన్సెంటుకు తోడైనాడు. ఒకటి కలలు కనే బుద్ధి, రెండవది కొలతలు వేసే చేయి. ఒకే సిలిండరు గల తమ ఇంజను పటాలు రెండు బల్లమీద ఒకదానిపై ఒకటి ఏటవాలుగా పడి ఉండగా చూచి, రెండు సిలిండర్ల ఇంజను ఊహ ఇర్వింగుకు తట్టినదని చెబుతారు. 1936లో అది 'రాపిడ్' అనే బండిగా వెలువడింది. యుద్ధానంతరం దానికి మెరుగులు దిద్ది, ఇంజనుకు నల్లని పూత పూసి, 1948లో 'బ్లాక్ షాడో'ను లోకానికి చూపారు. 998 ఘనపు సెంటీమీటర్ల ఇంజను, 55 అశ్వశక్తి, గంటకు 125 మైళ్ళ వేగం! అంగడిలో కొనదగిన వాహనం అంత వేగంగా పోవడం ఆనాటివారికి అబ్బురమే.

అదే సంవత్సరం సెప్టెంబరు 13న అమెరికాలోని బోనవిల్ ఉప్పు మైదానంలో ఒక చిత్రం జరిగింది. రోలీ ఫ్రీ అనే సాహసి విన్సెంటు బండిమీద గంటకు 150 మైళ్ళు దాటాలని పట్టుపట్టాడు. గాలి విసురుకు తోలు దుస్తులు చిరిగాయి. వాటిని విప్పివేసి, ఈతలాగు మాత్రం ధరించి, కాళ్ళు వెనుకకు చాచి, బండిమీద బోర్లపడుకొని 150.313 మైళ్ళ వేగం సాధించాడు. ఆ ఛాయాచిత్రం నేటికీ ప్రసిద్ధం. అది అనుకరించదగినది కాదని వేరే చెప్పనక్కరలేదు.

కీర్తి ఆకాశాన్ని అంటినా, ఖజానా మాత్రం నిండలేదు. 1949లోనే అప్పులవారి తరఫున ఒక అధికారి వచ్చి సంస్థ వ్యవహారాలు చూడవలసిన స్థితి ఏర్పడింది. కారణం ఆ బండి నిర్మాణంలోనే ఉన్నది. ఒక్కొక్క చక్రానికి రెండేసి బ్రేకు డ్రమ్ములు. పనిముట్టు లేకుండ చేతితోనే చక్రం ఊడదీయడానికి వీలైన పిడులు. నడిపేవాని కాలి పొడవునుబట్టి సర్దుకొనే పాదపీఠాలు. రెండువైపుల రెండు పరిమాణాల పండ్ల చక్రాలు గలిగి, త్రిప్పి బిగించుకొనదగిన వెనుక చక్రం. వీటన్నిటికీ ఖర్చు ఎక్కువ, వెల ఎక్కువ, కొనేవారు తక్కువ. 1955 డిసెంబరులో ఉత్పత్తి నిలిచిపోయింది. మంచి పని చేసినవాడు బాగుపడతాడనే మాటకు లోకంలో ఎప్పుడూ సాక్ష్యం దొరకదు.

మరి నేటివారి మమకారానికి మూలమేమిటి? వేగమనుకొందామంటే, ఆ వేగాన్ని మించే బండ్లు నేడు ఎన్నో ఉన్నాయి. బ్రేకుల భద్రతలో ఆ పాతది వీటికి సాటిరాదు. ధనమనుకొందామంటే కొంత నిజమే. సుమారు 30 మాత్రమే తయారైన 'బ్లాక్ లైట్నింగ్' అనే పందెపు విన్సెంటు ఒకటి 2018లో అమెరికా వేలంలో 9,29,000 డాలర్లకు పోయింది. కాని లాభంకోసం కొన్నవాడు దానిని గాజు గదిలో పెట్టి తాళం వేస్తాడు. ప్రేమించినవాడు చేతులకు నూనె పూసుకొంటాడు.

ఈ రెండవ తెగవారే విన్సెంటును బ్రతికించారు. 1948లో ఏర్పడిన యజమానుల సంఘం కర్మాగారం మూతపడిన తరువాతకూడ నిలిచింది. విడిభాగాలు దొరకనప్పుడు వారు ఏడుస్తూ కూర్చోలేదు. వాటిని తయారుచేయించడానికి ఒక సంస్థనే నెలకొల్పారు. చివరకు కొత్త భాగాలతోనే ఒక పూర్తి బ్లాక్ షాడోను నిర్మించి చూపారు. విప్పి చూడడానికి, సరిచేసుకోవడానికి, అర్థం చేసుకోవడానికి వీలుగా చేసిన యంత్రం కాబట్టి అది సాధ్యమైంది. ఇర్వింగు తన విద్యను దాచుకోలేదు. ఇంజన్ల వేగం పెంచే విధానంమీద గ్రంథం వ్రాసి అందరికీ పంచాడు. తరువాత అతడు రూపకల్పన చేసిన రెప్కో ఇంజనుతోనే 1966లో జాక్ బ్రాభం కార్ల పందెంలో ప్రపంచ విజేత అయినాడు.

విన్సెంటు 1979లో, ఇర్వింగు 1992లో కన్నుమూశారు. స్టీవెనేజ్ కర్మాగారం అమ్మిన వస్తువు యంత్రమే అయినా, దానితోపాటు కొన్నవాని చేతికి ఒక విద్యనుకూడ అప్పగించింది. అంగడి ఆ విద్యకు వెల కట్టలేకపోయింది. శిష్యులవంటి యజమానులు దానిని నేర్చి, తమ తరువాతివారికి నేర్పుతున్నారు. గురువు గతించినా పాఠం నిలవడమంటే ఏమిటో ఉపాధ్యాయులకు వేరే చెప్పవలసిన పనిలేదు.