అరుంధతి నిజంగా కనిపించిందా?

(స్త్రీల కార్యక్రమంలో చేసిన రేడియో ప్రసంగం)



మిమ్మల్నందర్నీ ఒక ప్రశ్న అడుగుతాను. జవాబు నాకు చెప్పనక్కరలేదు, మీ మనసులో మీరు చెప్పుకుంటే చాలు. పెళ్ళినాడు పురోహితులవారు మిమ్మల్ని పందిరి బయటికి తీసుకువెళ్ళి, ఉత్తరం దిక్కుకు చెయ్యి చూపించి, "అదుగోనమ్మా అరుంధతి, కనిపించిందా?" అని అడిగినప్పుడు మీరేమన్నారు?

"కనిపించింది" అనే అని ఉంటారు. నేనూ అదే అన్నాను. నిజానికి నాకేమీ కనిపించలేదు. నుదుట బాసికం, కళ్ళనిండా హోమం పొగ, వెనకనుంచి మా జేజి "ఊఁ అనవే తల్లీ, పొద్దుపోతాంది" అని పోరు. ఊఁ అన్నాను. మా ఆయనా ఊఁ అన్నారు. అందరం భోజనాలకి లేచాం.

చాలా ఏళ్ళ తరవాత, మా అమ్మాయి బళ్ళో నక్షత్రాల పాఠం చెప్పారని ఇంటికి ఒక ఆకాశపటం తెచ్చింది. దాన్ని ముందు పెట్టుకుని లెక్కచూస్తే అసలు సంగతి బయటపడింది. మా పెళ్ళి కార్తీకమాసంలో, రాత్రి తొమ్మిది గంటల ముహూర్తానికి జరిగింది. కార్తీకంలో ఆ వేళకి మన కడప, కర్నూలు ప్రాంతాల్లో అరుంధతి ఆకాశంలోనే ఉండదు! ఇంచుమించు రాత్రి రెండున్నర అయితేగాని ఈశాన్యాన పొడవదు. లేని చుక్కని చూశామని ఇద్దరం ఒప్పుకున్నామన్నమాట.

ఈ మాట చెప్తే మా అమ్మాయి నవ్వలేదు. "అయితే అమ్మా, నా పెళ్ళిలో కనపడకపోతే కనపడలేదని చెప్పొచ్చునా?" అని అడిగింది. ఆ ప్రశ్నకి సరైన జవాబు చెప్పాలనే నేను అరుంధతిని గురించి తెలుసుకోవడం మొదలుపెట్టాను. తెలుసుకున్నది ఇవాళ మీతో చెప్తాను.

ముందు చూడడం ఎలాగో చెప్పుకుందాం. మన రాయలసీమకి వానలు తక్కువ అని ఎప్పుడూ బాధపడుతూంటాం. నిజమే. కాని మబ్బు తక్కువైనచోట ఆకాశం బాగా కనిపిస్తుంది. వైశాఖ, జ్యేష్ఠ మాసాల్లో రాత్రి తొమ్మిది ప్రాంతంలో మిద్దె ఎక్కండి. వీధిదీపాలు కంటికి అడ్డం రాకుండా చూసుకుని, ఉత్తరం దిక్కుకి తిరగండి. నేలకీ నడినెత్తికీ సగం ఎత్తున సప్తర్షి మండలం ఉంటుంది. నాలుగు చుక్కలు చతురస్రంగా, మూడు చుక్కలు తోకగా, అచ్చం పొడుగుకాడ గరిటెలా కనిపిస్తుంది. ఆ కాడలో నడిమి చుక్క వసిష్ఠుడు. ఆయన్ని కదలకుండా చూస్తూంటే పక్కనే ఆనుకుని సన్నని చుక్క ఇంకొకటి తేలుతుంది. అదే అరుంధతి. ఇద్దరికీ మధ్య ఎడం చంద్రబింబం వెడల్పులో మూడోవంతుకి కాస్త ఎక్కువ, అంతే. ముందు పెద్ద చుక్కని చూపించి, దాని ఆధారంతో చిన్నదాన్ని చూపించడాన్నే మన పెద్దలు అరుంధతీ న్యాయం అన్నారు.

మాఘమాసంలో అయితే ఎనిమిదిన్నర దాటాక పొడుస్తుంది కనక పది గంటలదాకా ఆగాలి. శ్రావణంలో పొద్దుగూకగానే వాయవ్యాన వాలుతూ కనిపిస్తుంది. పగటి ముహూర్తాల సంగతి నేను చెప్పనక్కరలేదు.

సరే, చుక్క కనిపించింది. దాని రంగు ఏమిటి? తెలుపు. ఈ తెలుపులోనే దాని జాతకమంతా ఉందంటే నమ్ముతారా?

కొలిమిలో ఇనుము కాల్చడం చూసే ఉంటారు. మొదట ఎర్రబడుతుంది. ఇంకా వేడెక్కితే నారింజరంగు, ఆపైన పసుపు, చివరికి తెల్లగా కళ్ళు చెదిరేటట్టు వెలుగుతుంది. పాతకాలపు తీగబల్బు కూడా అంతే. వోల్టేజి తగ్గితే తీగ ఎర్రగా కునుకుతుంది, వోల్టేజి నిండుగా వస్తే తెల్లబడుతుంది. చుక్కలకీ ఇదే ధర్మం. అదే వేసవిరాత్రి మిద్దెమీదనుంచే మీరు పోల్చి చూడవచ్చు. గరిటెకాడ వంపునే ముందుకి సాగదీస్తే నారింజరంగు చుక్క తగులుతుంది, అది స్వాతి. దాని పైభాగం వేడి సుమారు 4,000 డిగ్రీలు. ఇంకా ముందుకి పోతే నీలంపాటి తెలుపుతో చిత్ర. దాని వేడి 20,000 డిగ్రీలకి పైమాటే. కొంచెం పొద్దుపోయాక ఆగ్నేయాన ఎర్రగా జ్యేష్ఠ వస్తుంది, అది స్వాతికన్నా చల్లన. మన సూర్యుడిది 5,500 డిగ్రీలు. అరుంధతిది సుమారు 8,000. మే నెలలో కర్నూలులో 45 డిగ్రీలకే మనం అల్లాడిపోతామే, ఇక ఆ వేడిని ఊహించడం కూడా కష్టమే.

చుక్కలని ఇలా వేడినిబట్టి వరసగా కూర్చిన ఘనత చాలావరకు ఆడవాళ్ళది. అమెరికాలోని హార్వర్డ్ వేధశాలలో చుక్కల వెలుగుని గాజుపట్టకం ద్వారా విడదీసి ఫోటోలు తీసేవారు. ఇంద్రధనుస్సులా విచ్చుకున్న ఆ రంగుల పట్టీని వర్ణపటం అంటారు. దాంట్లో అడ్డంగా నల్లని గీతలుంటాయి. ఏ మూలకం ఉంటే దాని గీతలు పడతాయి. ఆ పలకలన్నీ పరీక్షించే పనికి స్త్రీలను పెట్టుకున్నారు. వాళ్ళలో విలియమినా ఫ్లెమింగ్ అనే ఆవిడ హైడ్రోజన్ గీతలు అన్నిటికన్నా ముదురుగా ఉన్న తెల్లచుక్కలని "ఏ" తరగతిలో వేసింది. ఆ తరవాత ఆనీ కానన్ అనే ఆవిడ ఆ తరగతులని వేడినిబట్టి తిరగ అమర్చి, తన జీవితంలో మూడు లక్షలకి పైగా చుక్కలని వర్గీకరించింది. ఆమెకి చెవులు సరిగా వినపడేవి కావు. అరుంధతి ఆ "ఏ" తరగతి చుక్కే.

హైడ్రోజన్ గీతలు ముదురుగా ఉన్నాయంటే ఆ చుక్కలో మాత్రమే హైడ్రోజన్ ఎక్కువని కాదు. వేడినిబట్టి గీతలు ముదురుతాయి, వెలుస్తాయి అని 1920లో మన మేఘనాథ్ సాహా లెక్కకట్టి చూపించారు. ఆ లెక్కని పట్టుకుని 1925లో సిసీలియా పేన్ అనే పాతికేళ్ళ అమ్మాయి, చుక్కలన్నీ ప్రధానంగా హైడ్రోజన్‌తోనే తయారయ్యాయని తేల్చింది. పెద్దలు మొదట నమ్మలేదు. తరవాత ఆమె చెప్పిందే నిజమని ఒప్పుకోవలసి వచ్చింది.

ఇక అరుంధతి కొలతలు చూద్దాం. అడ్డకొలత సుమారు 25 లక్షల కిలోమీటర్లు, అంటే మన సూర్యుడికి ఇంచుమించు రెట్టింపు. బరువు సూర్యుడికి 1.8 రెట్లు. వెలుగు మాత్రం సుమారు 14 రెట్లు! మన కంటికి నలకంత కనిపించే చుక్క సంగతి ఇది. సూర్యుణ్ణి తీసుకుపోయి అరుంధతి పక్కన పెడితే, ఉత్తకంటికి మనకి సూర్యుడు అసలు కనిపించడు.

ఇంత వెలుగు ఎక్కణ్ణించి వస్తోంది? అక్కడ మండేది కట్టెలూ కాదు, బొగ్గూ కాదు. చుక్క నడిగర్భంలో కోట్ల డిగ్రీల వేడి ఉంటుంది. ఆ వేడికీ ఒత్తిడికీ హైడ్రోజన్ అణువుల బీజాలు కలిసిపోయి హీలియంగా మారతాయి. 1868 ఆగస్టు 18న మన గుంటూరు, మచిలీపట్నాల మీదుగా సంపూర్ణ సూర్యగ్రహణం వచ్చినప్పుడు మొదలైన పరిశీలనల్లోనే మొట్టమొదట జాడ తెలిసిన మూలకం ఈ హీలియం. ఆ మార్పులో కొంచెం పదార్థం తరిగి వెలుగుగా, వేడిగా బయటికి వస్తుంది. అరుంధతి సెకనుకి సుమారు 800 కోట్ల టన్నుల హైడ్రోజన్‌ని ఇలా మారుస్తోంది. ఎసరు తెర్లేటప్పుడు గింజలు కిందినుంచి పైకీ, పైనుంచి కిందికీ తిరుగుతాయి చూడండి, ఆ నడిగర్భం కూడా అలాగే కలియబడుతూ ఉంటుంది.

అంత వేడి ఉంటే చుక్క పేలిపోదా? పేలదు. ప్రెషర్ కుక్కర్ మీద వెయిట్ కిందికి అదుముతుంది, ఆవిరి పైకి తన్నుతుంది. చుక్కలో లోపలి వేడి బయటికి నెడుతూంటే, దాని బరువే దాన్ని లోపలికి అదుముతుంది. రెండూ సరిసమానంగా ఉన్నంతకాలం చుక్క ఉబ్బదు, కుంగదు. నడిగర్భంలో హైడ్రోజన్‌ని నిలకడగా వాడుకుంటూ ఉండే ఈ దశకి శాస్త్రజ్ఞులు ప్రధాన క్రమం అని పేరు పెట్టారు. నన్నడిగితే గృహస్థాశ్రమం అంటాను. సూర్యుడూ అరుంధతీ ఇప్పుడు ఆ ఆశ్రమంలోనే ఉన్నారు. స్వాతి, జ్యేష్ఠ దాన్ని దాటి, బాగా ఉబ్బి, పైన చల్లబడిన చుక్కలు.

అయితే గృహస్థులందరి సంసారం ఒక్కలాగా సాగదు కదా. ఇద్దరి రాబడి పక్కపక్కన పెట్టి చూడండి. అరుంధతి దగ్గర ఉన్న సరుకు సూర్యుడికన్నా రెండింతలు కూడా లేదు. ఖర్చు మాత్రం పద్నాలుగింతలు. ఇల్లు నడిపే మనకి ఇక లెక్క చెప్పాలా? సూర్యుడి గృహస్థాశ్రమం సుమారు 1,000 కోట్ల సంవత్సరాలు. అందులో 460 కోట్లు గడిచాయి. అరుంధతికి 200 కోట్ల సంవత్సరాలైనా నిండవు. ఇప్పటికి నలభై, యాభై కోట్ల ఏళ్ళు గడిచి ఉంటాయి. తెల్లగా వెలిగే చుక్కలన్నీ ఇలా తొందరగా ఖర్చయిపోయేవే. మనం సువాసినులకి స్థిరత్వం కోసం చూపించే చుక్క, చుక్కల్లో చూస్తే అల్పాయుష్షుదే. అయినా కంగారుపడకండి, మన వంశాల లెక్కకి అది అక్షయమే.

ఇంకో విశేషం. సూర్యుడు తనచుట్టూ తాను ఒకసారి తిరగడానికి దాదాపు 25 రోజులు తీసుకుంటాడు. అరుంధతి అంత పెద్దదై ఉండీ సగం రోజు లోపలే ఒక చుట్టు తిరిగేస్తుంది. దాని నడుము దగ్గర వేగం సెకనుకి 200 కిలోమీటర్లకి పైనే. ఆ వేగానికి వర్ణపటంలో గీతలు వెడల్పుగా పరుచుకుంటాయి. ఆ వెడల్పుని కొలిచే ఈ సంగతి కనుక్కున్నారు.

అక్కణ్ణించి వెలుగు మనదాకా రావడానికి సుమారు 82 సంవత్సరాలు పడుతుంది. వెలుగు సెకనుకి 3 లక్షల కిలోమీటర్లు పరుగెడుతుందని గుర్తుంచుకోండి. ఇవాళ రాత్రి మీ కంట్లో పడే కాంతి, దేశానికి స్వాతంత్ర్యం రాకముందు, కడప, కర్నూలు జిల్లాలు మద్రాసు ప్రభుత్వం కింద ఉన్న రోజుల్లో బయల్దేరింది. అప్పటికి మా జేజి ఇంకా పరికిణీ కట్టే పిల్ల.

మరి వసిష్ఠుడి సంగతో? ఉత్తకంటికి ఒక్కడే. దూరదర్శినిలో 1617లోనే ఇద్దరుగా కనిపించాడు. ఆ ఇద్దరిలో ప్రతి ఒక్కరూ మళ్ళీ జంటేనని తరవాత వర్ణపటాలు చూసి తేల్చారు. మొత్తం నలుగురు, వాళ్ళూ తెల్లని జాతివాళ్ళే. అరుంధతి కూడా ఒంటరిది కాదు. దాని పక్కన కంటికి ఆనని చిన్న ఎర్రచుక్క ఒకటి ఉందని 2009లో బయటపడింది. సప్తర్షుల్లో రెండు కొసలా ఉన్న మరీచి, క్రతువు వేరు. మధ్యనున్న అయిదుగురూ అరుంధతితో కలిసి ఒకే వైపు సాగిపోతున్నారు. అందరూ ఒకే కడుపున పుట్టినవాళ్ళు అనుకోండి.

ఒక్కమాట మాత్రం మీరు మరిచిపోకూడదు. అరుంధతి వెలుగు వసిష్ఠుడి దగ్గర తెచ్చుకున్నది కాదు. చంద్రుడిలాగా ఎరువుసొమ్ము కాదు. తనలో పుట్టిన వెలుగే తను ఇస్తోంది. పక్కన ఉన్నది పక్కనే ఉంది, ఎవరి పొయ్యి వాళ్ళదే.

మా అమ్మాయి పెళ్ళి జ్యేష్ఠమాసంలో జరిగింది. ముహూర్తం పగలే. పురోహితులవారు ఎండలో ఉత్తరానికి చెయ్యి చూపి అడిగితే, "ఇప్పుడు కనపడదండీ, రాత్రికి చూస్తాం" అంది. ఆయన నవ్వి "అలాగే చూడండమ్మా" అన్నారు. నేను భయపడినట్టు ఎవరూ ఏమీ అనుకోలేదు. ఆ రాత్రి భోజనాలయ్యాక కొత్తదంపతులతోపాటు మేమంతా మిద్దె ఎక్కాం. నేను గరిటెకాడ చూపించాను. అల్లుడికి ముందు కనిపించింది. అమ్మాయికి కాసేపు పట్టింది. మా ఆయన అందరికన్నా చివర, కళ్ళజోడు తుడుచుకుని మరీ చూసి, "ఇదా! ఇన్నేళ్ళకి" అన్నారు.

మీరు కూడా ఒకసారి చూడండి. పెళ్ళయి ఎన్నేళ్ళయినా ఫరవాలేదు. ఇంట్లో పెళ్ళి కుదిరితే ఏ నెలలో, ఏ వేళకి అరుంధతి కనిపిస్తుందో ముందుగా చూసుకోండి. మీ అమ్మాయికి కనపడకపోతే కనపడలేదని చెప్పనివ్వండి. మర్నాడు చూపించవచ్చు, వచ్చే నెల చూపించవచ్చు. ఆ చుక్క ఎక్కడికీ పోదు.