బరువు లాగు ఇంజను – పరుగు తీయు ఇంజను



ఇంజనుల ప్రస్తావన వచ్చినపుడు మనలో పెక్కురు మొదట అడుగు ప్రశ్న "ఎన్ని గుఱ్ఱముల బలము?" అనునది. అంకె ఎంత పెద్దదైన ఇంజను అంత గొప్పదని తలంతురు. అప్పుచేసి లారీ కొనబోవు యువకుడును ఆ అంకెనే చూచుకొనును. కాని ఆ యంకె సగము సంగతి మాత్రమే తెలుపును. తక్కిన సగమును గ్రహించుటకై నేడు రెండు జాతుల ఇంజనులను ప్రక్కప్రక్కన నిలిపి విచారింతము. అందొకటి బరువు లాగు లారీ ఇంజను. రెండవది అమెరికాలో "మజిల్ కారు" అను పేర ప్రసిద్ధికెక్కిన పరుగుకారు ఇంజను. మజిల్ అనగా కండ. 1964లో ఆ దేశమున పాంటియాక్ అను కంపెనీ, మధ్యరకపు కారులో 389 ఘనపుటంగుళముల పెద్ద ఇంజను నమర్చి, జి.టి.ఓ. అను పేర అమ్మినది. ఆనాటినుండి అట్టి కార్లపై అచ్చటి యువజనులకు మోజు హెచ్చినది.

కపిల తోలిన పెద్దలకు ఈ రెంటి భేదము సులభముగనే బోధపడును. నిండిన బానను బావినుండి పైకి లాగుటకు ఎద్దులు వలయును. అవి మెల్లగా నడచును గాని, ప్రొద్దు పొడిచినది మొదలు ఎండ ముదురువరకు ఆ పని చేయగలవు. పందెపు గుఱ్ఱమును కపిలకు కట్టిన వారు లేరు. దానికి బలము లేక కాదు, దాని బలము వేరు తీరున వెచ్చపడుటకు ఏర్పడినది.

ఇంజను విషయమున ఈ రెండు తీరులకును రెండు కొలతలు గలవు. మొదటిది త్రిప్పుబలము, దీనినే టార్కు అందురు. ఇరుసునకు ఒక అడుగు పొడవు పిడి తగిలించి, దాని కొనను ఒక పౌను బలముతో త్రోసినచో, అది ఒక అడుగు-పౌను త్రిప్పుబలము. గునపము పొడవైన కొలది బండను పెకలించుట సులువగునని మన మెరిగినదే. ఇచ్చటను న్యాయ మదియే. రెండవ కొలత అశ్వశక్తి. ఒక నిమిషములో 33,000 పౌనుల బరువును ఒక అడుగు ఎత్తునకు లేపు శక్తిని ఒక గుఱ్ఱపు బలమని జేమ్సు వాటు లెక్కగట్టెను. త్రిప్పుబలమును నిమిషమునకు తిరుగు చుట్లతో హెచ్చించి 5,252తో భాగించినచో అశ్వశక్తి వచ్చును. కావున అశ్వశక్తి పెంచుటకు రెండు మార్గములు గలవు: గట్టిగా త్రిప్పుట ఒకటి, వేగముగా త్రిప్పుట మరియొకటి. లారీ మొదటి మార్గమును, పరుగుకారు రెండవ మార్గమును పట్టినవి.

అంకెలు చూడుడు. డాడ్జి కంపెనీవారు 2015లో ఛాలెంజర్ కారున కమర్చిన హెల్‌క్యాట్ అను ఇంజను ఘనపరిమాణము 6.2 లీటర్లు, అశ్వశక్తి 707, త్రిప్పుబలము 650 అడుగు-పౌనులు. నిమిషమునకు ఆరువేల చుట్లు తిరుగునపుడే దానికి ఆ 707 గుఱ్ఱముల బలము లభించును. అమెరికా లారీలలో వాడు కమ్మిన్స్ ఎక్స్-15 అను ఇంజను ఘనపరిమాణము 15 లీటర్లు. అందు మిక్కిలి బలమైన దాని అశ్వశక్తి 605. త్రిప్పుబలము 2,050 అడుగు-పౌనులు. అది నిమిషమునకు రెండువేల చుట్లకు లోపలనే తన పనిని చాలవరకు ముగించుకొనును. లారీ ఇంజనునకు గుఱ్ఱములు నూరు తక్కువ, త్రిప్పుబలము మూడింతలకు పైగా ఎక్కువ.

ఇచ్చట నొక సందేహము కలుగవచ్చును. పండ్లచక్రముల మూలమున వేగమును తగ్గించి త్రిప్పుబలమును పెంచవచ్చును గదా, అట్లయినచో 707 గుఱ్ఱముల కారు ఇంజనునే లారీకి ఏల బిగింపరాదు? బిగించిన లారీ కదలును, కొండయును ఎక్కును. కాని ఎంతకాలము? కారు తన పూర్తి బలమును చూపునది కొన్ని సెకండ్లు మాత్రమే. అంతలో అది అనుమతింపబడిన వేగమును దాటిపోవును. అమెరికా రాజమార్గములపై లారీ సరకుతో కలిసి 80,000 పౌనులు, అనగా సుమారు 36,000 కిలోల వరకు తూగవచ్చును. అంత బరువుతో కనుమ నెక్కునపుడు అరగంటసేపు ఇంజను పూర్తి బలముతో పనిచేయవలెను, మరునాడును అంతే. నిమిషమునకు ఆరువేల చుట్లనగా పిస్టను సెకండునకు నూరుమారులు పైకి క్రిందికి పోయివచ్చుట. ఆ వేడికిని ఆ ఒరపిడికిని గంటల తరబడి తాళుటకై కారు ఇంజను కట్టబడలేదు.

ఈ సంగతికి మంచి నిదర్శన మొకటి కలదు. అమెరికాలోని షెవర్లే కంపెనీవారు 427 ఘనపుటంగుళముల ఇంజను నొకదానిని 1966లో తమ కార్వెట్ కారున కమర్చి 425 గుఱ్ఱముల బలమని ప్రకటించిరి. అదే కుటుంబమునకు చెందిన, అదే 427 అంగుళముల ఇంజనును తమ బరువు లారీలకును వాడిరి. సిలిండరు వెడల్పును పిస్టను నడకయు రెంటికి నొక్కటే. కాని లారీ ఇంజనున పిస్టనునకు మూడుకు బదులు నాలుగు రింగులు. దానికై దిమ్మనే కొంచెము ఎత్తు చేసిరి. నొక్కుడు తగ్గించి నాసిరకపు పెట్రోలుతోను నడచునట్లు చేసిరి. చుట్ల వేగమునకు హద్దు పెట్టిరి. గుఱ్ఱములు ఎంతయో తగ్గినవి, ఆయువు పెరిగినది. గుఱ్ఱముల నమ్ముకొని ఆయువును కొనిన బేరమిది.

ఇక డీసెలు ఇంజను పద్ధతియే వేరు. పెట్రోలు ఇంజనులో గాలియు పెట్రోలు ఆవిరియు కలిసిన మిశ్రమమును నిప్పురవ్వతో మండింతురు. డీసెలులో వట్టి గాలిని పదునారింతలు, పదునెనిమిదింతలు నొక్కుదురు. ఆ నొక్కుడుకే గాలి కాగిపోవును. అందు నూనెను చిమ్మగనే తనంత నది మండును. రుడాల్ఫ్ డీసెల్ అను జర్మను ఇంజనీరు 1897లో ఔగ్సుబర్గు పట్టణమున దీనిని జయప్రదముగా నడపెను. అంత నొక్కుడును తాళవలెను గనుక దిమ్మ బరువుగా నుండును. అందుచేతనే ఎక్కువ కాలము మన్నును. మన దేశమున 1954 మొదలు టాటావారు జర్మనీ దేశపు డైమ్లర్-బెంజ్ వారి సహకారముతో జంషెడ్‌పూరులో డీసెలు లారీలను తయారుచేసి రోడ్లపైకి పంపిరి.

పాతవానికిని క్రొత్తవానికిని భేదమేమి? ముందుగా అంకెల విషయమున నొక హెచ్చరిక. అమెరికాలో 1971 వరకు పంకా, పొగగొట్టము మొదలైన భారములను తొలగించి, వట్టి ఇంజనును కొలిచి గుఱ్ఱములను ప్రకటించెడివారు. 1972 నుండి అన్నియు తగిలించి కొలుచుట ఆచారమైనది. షెవర్లేవారి 454 అంగుళముల ఇంజను నొకదానికి 1971లో పాత కొలతను 365 గుఱ్ఱములు, క్రొత్త కొలతను 285. ఇంజను ఒక్కటే, కొలత మారినది. కావున పాత కాగితముపై నున్న అంకెను క్రొత్త అంకెతో పోల్చునపుడు ఈ భేదమును మరువరాదు.

ఇట్లు సరిచూచినను క్రొత్తవాని బలమే యెక్కువ. దానికి ముఖ్యకారణములు రెండు. గాలిని బలవంతముగా లోనికి నెట్టుట మొదటిది. లారీలలో వెలుపలికి పోవు పొగయే చిన్న చక్రమును త్రిప్పి ఈ పని చేయును, ఇదియే టర్బో. హెల్‌క్యాట్‌లో ఇంజనే పట్టా మూలమున ఆ పంపును త్రిప్పును. రెండవది ఎలక్ట్రానిక్ నియంత్రణ. ఎంత నూనె, ఏ క్షణమున చిమ్మవలెనో గణనయంత్రమే నిర్ణయించును. 1987లో వచ్చిన డెట్రాయిట్ డీసెల్ సిరీస్-60 అను లారీ ఇంజను ఈ మార్గమున ముందడుగు వేసినది. తత్ఫలితముగా నూనె ఖర్చు తగ్గినది, నల్లని పొగయు తగ్గినది. కాని పాత ఇంజనును చెట్టునీడన స్పానరుతో విప్పి సరిచేసిన మేస్త్రీ, క్రొత్తదానిని కంప్యూటరు తగిలించి చూడనిదే ముట్టలేడు.

మన రైతు బిడ్డలు తెలిసికొనవలసిన దొకటి యున్నది. మన దేశమున 2020 ఏప్రిలు 1 నుండి అమలైన భారత్ స్టేజి-6 నిబంధనల ననుసరించి తయారైన లారీలలో పెక్కింటికి పొగను శుద్ధిచేయు యూరియా ద్రావకము పోయవలెను. అది నూటికి 32.5 వంతుల స్వచ్ఛమైన యూరియాను శుద్ధజలమున కరగించినది. పొలమునకు చల్లు యూరియాకు వేపనూనె పూత యుండును. దానిని నీట కలిపి పోసినచో పొగగొట్టములోని విలువైన శుద్ధియంత్రము పాడగును. కొద్ది రూకలు మిగుల్చుకొనబోయి పెద్ద నష్టము తెచ్చుకొనరాదు.

కావున మీ యింటి పిల్లలు బండి కొనదలచినపుడు గుఱ్ఱముల సంఖ్యతో తృప్తిపడక మూడు ప్రశ్నలు అడిగింపుడు. త్రిప్పుబల మెంత, అది ఎన్ని చుట్లకడ లభించును? ఆ బలమును గంటల తరబడి ఇచ్చుటకు ఇది కట్టబడినదా? చెడినచో బాగుచేయగల వారు మనకు ఎంత దూరమున నున్నారు? ఈ మూటికిని తగిన జవాబు దొరకినపిమ్మటనే అప్పుపత్రముపై వ్రాలు చేయుట మేలు.