ఒకే నేల, మారే ఇంకుడు

మే నెల చివర్లో నల్లరేగడి చేలో చెయ్యి దూరేంత నెర్రెలు కనిపిస్తాయి. ఆ చేను మీద పడిన తొలి వాన పైన నిలవదు, నెర్రెల్లోంచి నేరుగా లోతుకు దిగిపోతుంది. ముసురు పట్టి వారం గడిచాక అదే చేలో నీళ్లు మడుగు కడతాయి. మట్టి అదే, నీరు నడిచే దారులు మాత్రం మూసుకుపోయాయి.

ఈ మార్పంతా సన్న రేణువుల పనే. మిల్లీమీటరులో ఐదు వందలో వంతు కంటే చిన్నవాటిని బంక రేణువులంటారు. నల్లరేగడిలో వీటిలో ఎక్కువ భాగం స్మెక్టైట్ జాతి ఖనిజాలు, పేకముక్కల్లా పేర్చిన పలుచని రేకులు. ఎండినప్పుడు ఒక నానోమీటరు దగ్గరుండే ఆ రేకుల ఎడం, నీరు చొరబడితే దాదాపు రెట్టింపవుతుంది. కోట్ల రేకులు ఒక్కసారిగా ఉబ్బితే నెర్రె పూడుతుంది, ఎండితే మళ్లీ తెరుచుకుంటుంది.

దారి కాస్త సన్నబడినా నష్టం పెద్దదే. గొట్టం వ్యాసార్ధం సగమైతే అదే ఒత్తిడికి దానిలో పారే నీరు పదహారో వంతుకు పడిపోతుంది. అందుకే నాలుగు పెద్ద రంధ్రాల్లో కాస్త సన్నమట్టి ఇరుక్కున్నా నేల ఇంకుడు కుంటుపడుతుంది.

ఎర్ర చెలకల్లో కథ వేరు. అక్కడి కెయోలినైట్ అంతగా ఉబ్బదు; కష్టం మట్టిగడ్డ చిట్లిపోవడంలో ఉంది. బాగా ఎండిన చిన్న గడ్డను గ్లాసు నీళ్లలో వేసి చూడండి. బుడగలు వదులుతూ నిమిషాల్లో ముక్కలై కూలుతుంది. నీరు అన్ని వైపుల నుంచీ ఒకేసారి లోపలికి దూసుకురావడంతో మధ్యలో చిక్కిన గాలి ఒత్తుకుని గడ్డను పగలగొడుతుంది. అలాంటి గడ్డనే ముందు తడిగుడ్డ మీద ఉంచి, మెల్లగా తేమ పీల్చుకోనిచ్చి, ఆ తర్వాత నీళ్లలో వేస్తే చాలావరకు నిలబడుతుంది. తడిసిందా లేదా అన్నదే కాదు, ఎంత వేగంగా తడిసిందన్నది కూడా ముఖ్యం. ఎండి ఉన్న నేల మీద కుండపోత పడటం అందుకే ఎక్కువ చేటు.

చిట్లిన గడ్డల నుంచి విడివడిన సన్నమట్టి రంధ్రాల్లోకి దిగి పైన పలుచని పొర కడుతుంది. 1958లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్త మెకింటైర్ వాన చినుకుల తాకిడికి ఏర్పడిన అలాంటి పొరను కొలిచి చూశారు. మిల్లీమీటరులో పదో వంతు మందమున్న పైచర్మం గుండా నీరు కింది మట్టితో పోలిస్తే రెండు వేల రెట్లు తక్కువగా నడిచింది. వాన వెలిసి ఎండ కాస్తే ఆ పొర గట్టిపడి పెచ్చవుతుంది. దాన్ని చీల్చుకుని రాలేక సజ్జ, జొన్న మొలకలు లోపలే ఆగిపోతాయి. ఆకులో, పంట చెత్తో పైన కప్పితే చినుకు దెబ్బా తగ్గుతుంది, తడవడమూ నెమ్మదిస్తుంది.

సన్నమట్టి రంధ్రాలను మూసే ఈ గుణాన్నే వరి రైతు కావాలని వాడుకుంటాడు. దమ్ము చేసి మట్టికట్టును చెదరగొడితే సన్న రేణువులు పేరుకుని మడిలో నీరు నిలబడుతుంది. కానీ మడిని నెర్రెలిచ్చే దాకా ఎండనిచ్చి మళ్లీ నీరు పెడితే, అది నెర్రెల వెంట దమ్ము పొరను దాటి కిందికి పోతుంది. నెర్రె కొంత మూసుకున్నా మొదటి బిగువు రాకపోవచ్చు. ఆరుతడి పద్ధతిలో రంధ్రాల గొట్టం పాతి, నీటిమట్టం నేలకు 15 సెంటీమీటర్ల కిందికి చేరగానే తిరిగి పెట్టమని చెప్పేది పైరు ఎండకూడదనే. ఆ హద్దు మడి పగలకుండానూ కాపాడుతుంది.

నేల ఇంకుడును ఒకే అంకెగా చెప్పడం ఇందుకే పొరపాటు. నెర్రెలున్న రోజున కొలిస్తే ఒకటి, ముసురు తర్వాత కొలిస్తే మరొకటి. కొలత పక్కన అప్పటి తేమ, చివరి వాన తేదీ లేకపోతే ఆ అంకెతో ఇంకుడు గుంట లెక్క వేయలేం.

భూగర్భంలోకి నీటిని పంపే కుంటల్లో ఇలా దారి మూసుకుపోతే ఆరబెట్టడమే మందు. ఇజ్రాయెల్‌లో టెల్ అవీవ్ దగ్గరి షఫ్దాన్‌లో శుద్ధి చేసిన మురుగునీటిని ఇసుక మడుల్లో నింపి ఇంకనిస్తారు. మడిని సుమారు ఒక రోజు నింపి, తర్వాత కొన్ని రోజులు ఎండనిస్తారు. అడుగున పట్టిన జిగురుపొర ఎండి పగిలి, నీటికి మళ్లీ దారి దొరుకుతుంది. మన ఇంకుడు చెరువుల అడుగునా వేసవిలో అలాంటి ఒండ్రు పొర పెచ్చులుగా లేస్తుంది. దాన్ని తొలి వానకు ముందే గీకి తీయాలి; ఆలస్యమైతే ఆ పెచ్చులు నానిపోయి సన్నమట్టి తిరిగి రంధ్రాల్లోకే దిగుతుంది.