రెండు వారాల్లో స్నేహం కుదురుతుందా?

కిందటేడు జనవరిలో ఒకరోజు మా ఆఫీసులో పక్క సీటాయన కాఫీ కప్పు పట్టుకుని నా దగ్గరికొచ్చి, “మాకు మీ భాష నేర్పుతావా?” అని అడిగాడు. నేను విండ్సర్ వచ్చి పద్ధెనిమిదేళ్ళయింది. ఈ ఊళ్ళో నన్ను తెలుగు నేర్పమని అడిగిన మొదటి మనిషి ఆయనే. మా పిల్లలు కూడా ఎప్పుడూ అడగలేదు.

సంగతేమిటంటే, వాళ్ళ చర్చి నుంచి ఎనిమిదిమంది రెండు వారాలపాటు కాకినాడ చుట్టుపక్కల ఊళ్ళకి వెళ్తున్నారు. ఇలాంటి ప్రయాణాలని ఇక్కడ ‘షార్ట్ టర్మ్ మిషన్’ అంటారు. ఉద్యోగానికి సెలవు పెట్టి, కొంత సొంత డబ్బు, కొంత చందాలు పోగుచేసుకుని, వేరే దేశంలో ఉన్న ఒక క్రైస్తవ సంఘం దగ్గరికి వెళ్తారు. అక్కడ బడికి రంగులు వెయ్యడం, ఆస్పత్రిలో సాయపడడం, పిల్లల్ని ఆడించడం లాంటి పనులు చేసి వస్తారు. నేను క్రైస్తవుణ్ణి కాను. కానీ కాకినాడ నా సొంత ఊరు, పైగా నేను చదువుకున్నది మెక్లారిన్ హైస్కూల్లో. కాదనడానికి నోరు రాలేదు. ఆరు గురువారాలు వాళ్ళ చర్చి బేస్‌మెంటులో తెలుగు పాఠాలు చెప్పాను.

మొదటిరోజు “మీకు ఏ మాటలు కావాలో రాసివ్వండి” అన్నాను. “యేసు నిన్ను ప్రేమిస్తున్నాడు”, “మేము సాయం చెయ్యడానికి వచ్చాం”, “ధన్యవాదాలు”, “దీని ఖరీదెంత?” - ఇలా సాగింది వాళ్ళ జాబితా. బేరం సంగతి వదిలేస్తే, ఎదుటిమనిషిని అడిగే ప్రశ్న ఒక్కటీ లేదందులో. వాళ్ళు మంచివాళ్ళు కారని కాదు. ఇవ్వడానికి బయల్దేరినవాళ్ళకి అడగాలన్న ఆలోచన తొందరగా రాదు, అంతే. “భోంచేశారా?”, “మీకు పిల్లలెంతమంది?”, “నాకు తెలీదు, నేర్పండి” - ఈ మూడూ నేను చేర్చాను.

ఆ ఎనిమిదిమందిలో రిటైరైన నర్సు ఒకావిడ ఉంది. పాఠం అయ్యాక కుర్చీలు మడతపెడుతూ, “రెండు వారాల్లో ఎవరితోనైనా నిజంగా స్నేహం కుదురుతుందంటావా?” అని అడిగింది. అప్పుడు నా దగ్గర జవాబు లేదు. తరవాత కొంత చదివాను, కొంత ఆలోచించాను. ఈ వ్యాసం ఆ జవాబు కోసం చేసిన ప్రయత్నం.

వుడ్‌స్టాక్ నుంచి కాకినాడకి

విండ్సర్ నుంచి 401 హైవే మీద టొరాంటో వైపు రెండున్నర గంటలు కారులో వెళ్తే వుడ్‌స్టాక్ అనే ఊరొస్తుంది. మనలో చాలామంది అక్కడ కాఫీ కోసం ఆగే ఉంటాం. 19వ శతాబ్దంలో ఆ ఊళ్ళో కెనడియన్ లిటరరీ ఇన్‌స్టిట్యూట్ అని బాప్టిస్టుల విద్యాసంస్థ ఒకటి ఉండేది. అక్కడ చదువుకున్న ఏ.వి. టింపనీ 1867లో మన తెలుగునేలకి బయల్దేరాడు. ఆయన తోడల్లుడు జాన్ మెక్లారిన్ కూడా కొద్ది కాలానికే వెళ్ళాడు. కెనడా బాప్టిస్టులకి అప్పటికి సొంత మిషన్ లేకపోవడంతో, ఇద్దరూ మొదట్లో అమెరికన్ బాప్టిస్టులతో కలిసి పనిచేశారు.

అయితే కాకినాడలో కథ మొదలుపెట్టింది కెనడా వాళ్ళు కాదు. థామస్ గాబ్రియేల్ అనే తెలుగు క్రైస్తవుడు టెలిగ్రాఫ్ శాఖలో ఉద్యోగం వదులుకుని, సొంత బాధ్యత మీద అక్కడ సంఘాన్ని నడిపాడు. అప్పుల్లో మునిగాడు. ఈ పని మీరు అందుకోండని మెక్లారిన్‌ని అడిగాడు. ఆ పిలుపు మీద మెక్లారిన్ 1874లో కాకినాడ వచ్చాడు. కెనడియన్ బాప్టిస్టు మిషన్ అక్కడ పుట్టింది. గాబ్రియేల్ ఆ మరుసటి ఏడాది మొదట్లోనే కన్నుమూశాడు. మెక్లారిన్ 1882లో సామర్లకోటలో సెమినరీ పెట్టాడు. టింపనీ 1885లో కాకినాడలోనే కలరాతో పోయాడు.

నేను పదో తరగతి దాకా రోజూ మెక్లారిన్ పేరున్న గేటులోంచి లోపలికి వెళ్ళినవాణ్ణి. గాబ్రియేల్ పేరు మాత్రం నలభై దాటాక, విండ్సర్‌లో కూర్చుని తెలుసుకున్నాను. ఇందులో నాకు కనపడింది ఏమిటంటే, ఆ కాలపు మిషనరీలకి రెండు వసతులున్నాయి: పిలిచిన మనిషి ఒకడు, చేతిలో ఓ జీవితకాలం. ఇవాళ విమానంలో రెండు వారాలకి వెళ్ళేవాళ్ళకి రెండోది లేదు. మొదటిది మాత్రం ఉండొచ్చు. పిలిచినవాళ్ళు ఎవరు, వాళ్ళకి ఏం కావాలి అని బయల్దేరకముందే అడిగితే సగం పని అయినట్టే.

దోర్నకల్ అజరయ్య అడిగింది

మరి జీవితకాలం ఉంటే స్నేహం దానంతటదే కుదురుతుందా? కుదరదని తెలుగునేల మీద పనిచేసిన మనిషే ప్రపంచానికి చెప్పాడు. 1910లో స్కాట్లండులోని ఎడింబరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. వచ్చినవాళ్ళలో అత్యధికులు యూరపు, అమెరికాల వాళ్ళు. వాళ్ళ ముందు వి.ఎస్. అజరయ్య మాట్లాడాడు. తిరునెల్వేలి ప్రాంతపు తమిళుడు. ఆ ముందటి ఏడాదే అప్పటి నిజాం రాజ్యంలోని దోర్నకల్‌కి (ఇప్పుడు మహబూబాబాద్ జిల్లా) మిషనరీగా వచ్చి, తెలుగు నేర్చుకుని పనిచేస్తున్నాడు. 1912లో ఆంగ్లికన్ సంఘానికి మొట్టమొదటి భారతీయ బిషప్ అయింది ఆయనే.

ఆ సభలో అజరయ్య తెల్ల మిషనరీల త్యాగాన్ని తక్కువ చెయ్యలేదు. మీరు ఆస్తులిచ్చారు, ప్రాణాలు కూడా ఇచ్చారు అంటూనే, మాకు కావలసింది ప్రేమ, మాకు స్నేహితుల్నివ్వండి అని అడిగాడు. ఏళ్ళ తరబడి ఒకే పనిలో ఉన్నా భారతీయ పాస్టర్లని తమ భోజనాల బల్ల దగ్గరికి పిలవని దొరల గురించి, వాళ్ళ మాటల్లో ఉండే పెద్దరికం గురించి మొహమాటం లేకుండా చెప్పాడు. సభలో కొందరికి మింగుడు పడలేదు. కానీ ఆనాటి ఉపన్యాసాల్లో ఇవాళ్టికీ ఎక్కువగా తలుచుకునేవాటిలో అదొకటి.

అంటే స్నేహానికి అడ్డం నిలిచింది కాలం చాలకపోవడం కాదు. ఎప్పుడూ ఇచ్చేవాడు ఒకడే, పుచ్చుకునేవాడు ఒకడే కావడం.

ఇంజనీరు లెక్క

కంప్యూటర్లతో కుస్తీ పట్టేవాణ్ణి కనక ఒకసారి లెక్క కూడా చూద్దాం. అమెరికా చర్చిల నుంచే ఏటా 16 లక్షలమంది ఇలా విదేశాలకి వెళ్ళొస్తారని రాబర్ట్ వత్నో అనే సామాజిక శాస్త్రజ్ఞుడు 2009లో వచ్చిన తన పుస్తకంలో అంచనా వేశాడు. 1998లో మిచ్ తుఫాను హోండురాస్‌ని ధ్వంసం చేశాక, ఉత్తర అమెరికా బృందాలు చాలా వెళ్ళి ఇళ్ళు కట్టాయి. కర్ట్ వెర్ బీక్ అనే పరిశోధకుడు ఆ ఇళ్ళలో ఉన్నవాళ్ళనీ, కట్టడానికి వెళ్ళినవాళ్ళనీ పలకరించి 2006లో ఒక వ్యాసం ప్రచురించాడు. ఒక ఇల్లు కట్టడానికి సుమారు 2,000 డాలర్లయితే, కట్టడానికి వచ్చిన ఒక బృందం ప్రయాణానికి సుమారు 30,000 డాలర్లు. వెళ్ళొచ్చినవాళ్ళ జీవితాల్లో కూడా అనుకున్నంత మార్పు నిలవలేదని ఆయన గమనించాడు.

ఈ లెక్క ప్రకారం గోడకి రంగులెయ్యడానికి ప్రపంచం అటు చివరికి వెళ్ళడం శుద్ధ దండగ. ఆ డబ్బు పంపిస్తే మన పెయింటర్లు ఇంకా బాగా వేస్తారు, వాళ్ళకి కూలీ కూడా గిడుతుంది. బ్యాంకు ద్వారా పంపడానికి వీల్లేనిది ఒక్కటే ఉంది, మనిషి మనిషిని కలుసుకోవడం. అందుకని స్నేహం ఈ ప్రయాణంలో కొసరు కాదు. అది లేకపోతే ప్రయాణానికి కారణమే లేదు.

చట్టం, నిజాయితీ

ఇక్కడ ఇంకో సంగతి చెప్పుకోవాలి. మన దేశపు నిబంధనల ప్రకారం టూరిస్టు వీసా మీద వచ్చిన విదేశీయులు మతప్రచారం చెయ్యకూడదు. మిషనరీ వీసా అని వేరే ఉంది. చర్చికి వెళ్ళి ఆరాధనలో కూర్చోవచ్చు. ప్రార్థనా స్థలాల్లో ప్రసంగాలు చెయ్యడం, ప్రచారం కోసం కరపత్రాలు పంచడం కుదరదు. ఇది చెప్పగానే మా బేస్‌మెంటులో కాసేపు నిశ్శబ్దం. తరవాత జాబితాలో మొదటి వాక్యం వాళ్ళే కొట్టేసుకున్నారు.

నియమం మీరితే అతిథి విమానమెక్కి వచ్చేస్తాడు, ఆ తరవాత ఊళ్ళో జవాబు చెప్పుకోవాల్సింది ఆతిథ్యమిచ్చినవాళ్ళు. పైగా స్నేహాన్ని మతానికి ఎరగా వాడుతున్నారన్న అనుమానం మన ఊళ్ళలో ఎప్పటినుంచో ఉంది. ఆ అనుమానానికి చోటిస్తే మిగతావేవీ నిలవవు. ఎదుటివాడు నా మతంలోకి వచ్చినా రాకపోయినా వాడు నాకు కావాలి అనుకోగలిగితేనే దాన్ని స్నేహం అనాలి. ఇది ఏ మతానికైనా వర్తిస్తుంది.

ఏం చేస్తే కుదురుతుంది?

నేను వాళ్ళకి చెప్పినవి, వాళ్ళు తిరిగొచ్చి నాకు చెప్పినవి కలిపి రాస్తున్నాను.

ఒకటి, ఊళ్ళు తగ్గించుకోవాలి. రెండు వారాల్లో పది ఊళ్ళు తిరిగితే పది దండలు పడతాయి, ఒక్క పేరూ గుర్తుండదు. ఒకే ఊళ్ళో, వీలైతే ఒకే ఇంటికి మళ్ళీ మళ్ళీ వెళ్ళాలి.

రెండు, వరసలు నేర్చుకోవాలి. మనవాళ్ళకి “మిస్టర్ ఫలానా” కంటే “అన్నా”, “పిన్నిగారూ” దగ్గర. మన భాషలో తప్పులు మాట్లాడి నవ్వులపాలవడానికి సిగ్గుపడకూడదు. నవ్విన ఇంట్లో తలుపు తీసే ఉంటుంది.

మూడు, పెట్టింది తినాలి, లేదా ఎందుకు తినలేకపోతున్నారో చెప్పి, తినగలిగింది అడగాలి. నీళ్ళ భయం న్యాయమైనదే, కాచిన నీళ్ళు అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు. సొంత బిస్కట్ల సంచీ పట్టుకుని విడిగా కూర్చుంటే మాత్రం అనుకుంటారు.

నాలుగు, డబ్బు గురించి ఒంటరిగా ఎవరికీ మాటివ్వకూడదు. ఇచ్చేది ఏదైనా ఉంటే స్థానిక సంఘం ద్వారా, అందరికీ తెలిసేలా ఇవ్వాలి. ఒక్క మాట తప్పితే వంద ఆదివారాలు గుర్తుంటుంది.

ఐదు, ఫొటో తీసే ముందు అడగాలి. మన పిల్లల్ని ఎవరో ముక్కూ మొహం తెలీని వాళ్ళు పార్కులో ఫొటోలు తీస్తే ఇక్కడ ఊరుకుంటామా?

ఆరు, తిరిగొచ్చాకే అసలు పని. వీడ్కోలు చెప్పేటప్పుడు మనం “వెళ్తాను” అనం, “వెళ్ళొస్తాను” అంటాం. ఈ మాటకి అర్థం చెప్పినప్పుడు వాళ్ళు ముచ్చటపడ్డారు. అది ఉట్టి మాట కాకూడదంటే పండగకో పుట్టినరోజుకో ఫోను, రెండేళ్ళకో మూడేళ్ళకో మళ్ళీ అదే ఊరు. వాళ్ళని ఇక్కడికి పిలవడం కూడా. అక్కడి పాస్టర్ కెనడా రావాలంటే వేలిముద్రలు, బ్యాంకు కాగితాలు, ఆహ్వానపత్రం అన్నీ చూపించాలి. ఆ తేడా తెలుసుకుని, కాగితాల పనిలో సాయపడడం కూడా స్నేహంలో భాగమే.

జావ

వాళ్ళు మార్చిలో తిరిగొచ్చారు. నర్సుగారు నన్ను కాఫీకి పిలిచింది. వెళ్ళిన నాలుగో రోజే ఆవిడకి జ్వరం వచ్చిందట. మూడు రోజులు మంచం మీదే. ఆస్పత్రిలో సాయం చేద్దామని వెళ్ళిన మనిషి! ఆ ఇంటావిడ పక్కనే కూర్చుని జావ తాగించింది, తడిగుడ్డ వేసింది, రాత్రి పక్కనే చాప వేసుకుని పడుకుంది. “నలభయ్యేళ్ళు నేను చేసిన పని ఆవిడ నాకు చేసింది. అప్పటిదాకా ఆవిడకి నేనొక విజిటర్ని” అంది. ఇప్పుడు ఇద్దరూ ఆదివారాలు వీడియోలో మాట్లాడుకుంటున్నారు. ఆవిడ తెలుగు ఎనభై మాటలు దాటలేదు, ఇంటావిడ ఇంగ్లీషు అంతకంటే తక్కువ. ఐనా అరగంట గడిచిపోతుందట.

నా సంగతి కూడా చెప్పకపోతే ఈ వ్యాసం దొంగవ్యాసం అవుతుంది. మెక్లారిన్ స్కూల్లో ఐదేళ్ళు నా పక్కన కూర్చున్న స్నేహితుడొకడు జగన్నాథపురం వంతెన అవతలినుంచి వచ్చేవాడు. క్రైస్తవుడు. వాడు మా ఇంటికొస్తే అరుగు మీదే కూర్చునేవాడు. మంచినీళ్ళు విడిగా పెట్టిన గ్లాసులో ఇచ్చేవాళ్ళం. వాళ్ళింట్లో క్రిస్మస్‌కి ఏటా పిలిచేవాడు. నేను ఏటా ఏదో వంక చెప్పాను. అజరయ్య ఉపన్యాసం చదువుతూ దొరల మీద కోపం తెచ్చుకుంటున్నవాణ్ణి, ఆ గ్లాసు గుర్తొచ్చి ఆగిపోయాను.

ఇండియా వెళ్ళినప్పుడల్లా నేనూ రెండు మూడు వారాల మనిషినే. చాక్లెట్లు, సెంటు సీసాలు పంచేసి వస్తాను. కిందటి డిసెంబరులో వాడికి ఫోన్ చేసి, “ఈసారి నేనే మీ ఇంటికి భోజనానికొస్తానురా” అన్నాను. కొంచెంసేపు ఏమీ మాట్లాడలేదు. తరవాత, “ఎండురొయ్యలు తింటావా?” అని అడిగాడు. తింటానన్నాను. ఆదివారం చర్చి అయ్యాక వాళ్ళమ్మగారు కొసరి కొసరి వడ్డించారు. గ్లాసు సంగతి నేను ఎత్తాను. “మాకు తెలుసులే బాబూ, నువ్వు తిను” అన్నారావిడ.

రెండు వారాల్లో స్నేహం కుదురుతుందా అని అడిగిన నర్సుగారికి ఇప్పుడు జవాబు చెప్పగలను. కుదురుతుంది. పుచ్చుకోవడానికి సిద్ధపడి వెళ్తే రెండు వారాలు చాలు. సిద్ధపడకపోతే పక్క బెంచీలో ఐదేళ్ళు కూర్చున్నా చాలలేదు.